మెట్టు కింద నాలుగో జత

హేమచంద్రకి ఏ పనీ చేతకాదని అనడానికి లేదు. కాకపోతే చేతకాని పనిని కూడా పుట్టినప్పటినుంచీ చేస్తున్నవాడిలా మొదలుపెట్టేస్తాడు. కెనడాలోని గ్వెల్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనిది. ఆఫీసులో పక్క సీట్లవాళ్ళు వేసవంతా కార్ల వెనక ట్రైలర్లు, అంటే చక్రాల మీద నడిచే చిన్న ఇళ్ళు, తగిలించుకుని సరస్సుల ఒడ్డుకి పోయి, సోమవారం పొద్దున ఎండకి ఎర్రబడ్డ ముక్కులతో తిరిగి రావడం చూసి చూసి, సెప్టెంబరు వచ్చేసరికి ఇక ఆగలేకపోయాడు. మనమూ వెళ్ళాల్సిందే అన్నాడు. భార్య మృదుల ఒక్క షరతు పెట్టింది. కరెంటు ఉండాలి.

ఆ షరతుకి కారణం వాళ్ళ కూతురు రిషిత. ఒకటో క్లాసు పిల్ల. చలిగాలి తగిలినా, పొగ పీల్చినా ఆయాసం వచ్చేస్తుంది. పఫర్, అంటే ఇన్హేలర్, ఎప్పుడూ సంచిలో ఉంటుంది గానీ, ఊపిరి బాగా బిగుసుకుపోయినప్పుడు నెబ్యులైజర్ పెట్టాల్సిందే. ఆ మెషీను కరెంటు మీదే నడుస్తుంది. అందుకే మృదుల ఎవరింటికి వెళ్ళినా ముందు గోడకి ప్లగ్గు ఎక్కడుందో చూసుకుంటుంది. కూర్చోవడం ఆ తర్వాతే.

"హైడ్రో సైటే బుక్ చేశా," అన్నాడు హేమచంద్ర. ఇక్కడ కరెంటుని హైడ్రో అంటారు, ట్రైలర్ నిలిపే జాగాని సైటు అంటారు. "ప్రతి సైటుకీ ఒక కరెంటు పోస్టు ఉంటుంది. ట్రైలర్ నుంచి కేబుల్ లాగి దానికి పెట్టడమే. ఫోన్ చార్జింగ్ పెట్టినట్టే మృదూ."

ట్రైలర్ లండన్‌లో దొరికింది, ఒంటారియోలో ఉన్న మన లండన్‌లో. వీరరాఘవులు గారని, కాకినాడ నుంచి వచ్చి చాలా ఏళ్ళ కిందటే స్థిరపడిన పెద్దాయనది. ఇంటి పక్కన ఓ పాత తెల్ల ట్రైలర్, రేకు పక్కల మీద అక్కడక్కడ నాచు పట్టి నిలబడి ఉంది. అద్దె ఎంతండీ అంటే మీ ఇష్టం అన్నాడాయన. హేమచంద్ర సంబరపడిపోయాడు. మృదులకి మాత్రం ఆ 'మీ ఇష్టం' ఎందుకో నచ్చలేదు.

కరెంటు సంగతి మాత్రం ఆయన చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు చెప్పాడు.

"ముందు పోస్టు దగ్గర స్విచ్చి ఆఫ్ చేయాలండి. తర్వాత ప్లగ్గు. ఆ తర్వాతే ఆన్. తీసేటప్పుడూ ముందు ఆఫేనండి. ఇది ముప్పై ఆంప్స్. మనవాళ్ళకి అలవాటు కదా, రైస్ కుక్కరూ హీటరూ మైక్రోవేవూ అన్నీ ఒక్కసారే పెట్టేస్తే ట్రిప్పయిపోద్ది. బ్యాటరీ చచ్చిపోయింది, మార్చలేదు. పోస్టు నుంచి కరెంటు రాకపోతే లోపల దీపం కూడా ఎలగదు. ఇదిగో, ఈ టెస్టర్ పెట్టి చూడండి. రెండు పసుపు దీపాలు ఎలిగితే పర్వాలేదు. ఎర్రది ఎలిగిందంటే పెట్టొద్దు, ఆఫీసుకెళ్ళి సైటు మార్పించుకోండి."

"తెలుసండీ, తెలుసండీ," అని హేమచంద్ర తల ఊపుతూనే ఉన్నాడు. ముందురోజంతా వీడియోలు చూసి వచ్చాడు మరి.

అప్పుడాయన మృదుల వైపు తిరిగాడు. "అమ్మా, చెప్పులు వేసుకునే ఎక్కండి. వేసుకునే దిగండి. మెట్టు దగ్గర విప్పొద్దు."

"అయ్యో, లోపల వంట చేసుకుంటాం కదండీ. అన్నం తినేచోట చెప్పులేంటండీ?"

"తర్వాత నేను కడుక్కుంటానమ్మా. మీరు మాత్రం విప్పొద్దు." ఆ మాట రెండోసారి చెప్పేటప్పుడు ఆయన ట్రైలర్ వైపు చూడలేదు.

మాట మార్చడానికి మృదుల, "ఆంటీ గారు లేరాండీ?" అని అడిగింది.

"కనకదుర్గ పోయి రెండేళ్ళయిందమ్మా," అన్నాడాయన. ఎలా పోయిందో చెప్పలేదు.

హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఆ క్యాంపుగ్రౌండ్. సీజన్ అయిపోవచ్చింది. సీడర్ చెట్ల మధ్య సైట్లన్నీ చాలావరకు ఖాళీగా పడి ఉన్నాయి. నీళ్ళ వాసన, తడి ఆకుల వాసన, ఎక్కడినుంచో కాలుతున్న కట్టెల వాసన. రిషిత కారు దిగీ దిగగానే పైన్ కాయలు ఏరడం మొదలుపెట్టింది. పిల్ల మొహం చూసి మృదులకి కూడా పర్వాలేదు, వచ్చి మంచిపనే చేశాం అనిపించింది.

ట్రైలర్ని రివర్సు చేయడం ఎంత కష్టమో వీడియోల్లో ఎవరూ నిజం చెప్పరు. స్టీరింగ్ ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది. హేమచంద్ర ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి, ఒక చెట్టు బెరడు కాస్త గీకి, కుక్కని తిప్పుతున్న ఓ ముసలి జంట నిలబడి వినోదం చూస్తుండగా, చివరికి సైటుకి ఆ మూల ఆపేసి ఇంక నావల్ల కాదన్నాడు. కరెంటు పోస్టు ఈ మూల ఉంది. ట్రైలర్ కేబుల్ సగం దూరమే వచ్చింది.

సామాన్ల డబ్బా వెతికితే, చెక్క దిమ్మల కింద, నల్లటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి దొరికింది. చక్కగా చుట్ట చుట్టి, చీర అంచు చింపి తీసిన పీలికతో కట్టి ఉంది. ముదురాకుపచ్చ అంచు, సన్నటి జరీ. మగవాళ్ళు కట్టే ముడి కాదది అనుకుంది మృదుల.

ప్లగ్గుకి మూడు పిన్నులుండాలి. రెండు బల్లపరుపువి ఉన్నాయి. మూడోది, గుండ్రంగా ఉండాల్సిన ఎర్త్ పిన్ను, మొదటికంటా విరిగిపోయి ఉంది.

"ఇది విరిగిపోయింది చందూ."

"ఎర్త్ పిన్నే కదా. కరెంటు వచ్చేది ఈ రెండిట్లోంచి. మా హాస్టల్లో హీటర్‌కి అసలు ప్లగ్గే ఉండేది కాదు తెలుసా? వైర్లు రెండూ హోల్స్‌లో దూర్చి అగ్గిపుల్లలు పెట్టేవాళ్ళం."

మృదుల వాళ్ళింట్లోనూ ఇస్త్రీపెట్టెకి ఎర్త్ పిన్ను నాన్నే కటింగ్ ప్లేయరుతో పీకేశాడు, రెండు హోల్స్ ఉన్న బోర్డులో పట్టడం లేదని. అన్నేళ్ళూ ఆ ఇస్త్రీ బట్టలే వేసుకుని కాలేజీకి వెళ్ళింది. ఎవరికీ ఏమీ కాలేదు. అలా పెరిగిన ఇద్దరికీ విరిగిన పిన్ను విరిగినట్టే అనిపించలేదు.

హేమచంద్ర బుద్ధిగా స్విచ్చి ఆఫ్ చేశాడు. పోస్టులో టెస్టర్ పెట్టాడు. ఆన్ చేస్తే రెండు పసుపు దీపాలు వెలిగాయి. "చూశావా!" అన్నాడు. టెస్టర్ చెప్పింది పోస్టు బాగుందని. మధ్యలో ఉన్న కేబుల్ సంగతి దాన్ని ఎవరూ అడగలేదు. టెస్టర్ తీసేసి, కేబుల్ పెట్టి, మళ్ళీ ఆన్ చేశాడు. లోపల దీపాలు వెలిగాయి, ఫ్రిజ్ ఓసారి దగ్గి లేచింది. దాంతోపాటు సన్నగా ఒక మోత మొదలైంది. జుమ్ అని... చెవికి కాదు, పళ్ళకి వినపడే మోత.

మృదుల మెట్టు ముందు డోర్‌మ్యాట్ పరిచింది. చెప్పులు ఇక్కడే విప్పాలి, ఇంట్లో ఎలాగో ఇక్కడా అంతే అని తండ్రీ కూతుళ్ళిద్దరికీ చెప్పింది. పెద్దాయన మాట గుర్తుంది గానీ, పాపం ఆయనది ఏదో చాదస్తం అనుకుంది. మూడు జతలు మ్యాట్ మీద వరుసగా పడ్డాయి.

మెట్టు మీద ఎవరు కాలు పెట్టినా ట్రైలర్ ఆ పక్కకి ఒరుగుతుంది. హేమచంద్ర ఎక్కినప్పుడల్లా షెల్ఫులో కప్పులు గలగలమన్నాయి. "తగ్గాలి మహానుభావా," అని మృదుల ఆటపట్టించింది. రిషిత మాత్రం ఎక్కుతూ దిగుతూ కాసేపు ఆడుకుని, తలుపు పక్కనున్న కడ్డీ పట్టుకుని కిలకిలా నవ్వింది.

"అమ్మా, ద డోర్ ఈజ్ టిక్లింగ్ మీ!"

తలుపు చక్కిలిగిలి పెడుతోందట. ఇక్కడ చలికాలంలో కార్పెట్ మీద నడిచి ఏది ముట్టుకున్నా చురుక్కుమంటుంది కదా, అదే అయ్యుంటుందిలే అనుకుంది మృదుల. అప్పటికి నేల పొడిగా ఉంది.

కుక్కర్ పెట్టి, చెత్త బయట పెట్టడానికి తలుపు తీసినప్పుడు చూసింది. మ్యాట్ మీద నాలుగో జత.

ఆడవాళ్ళ చెప్పులు. గోధుమరంగువి, పాతవి, ఒక పట్టీ తెగితే నల్లదారంతో కుట్టారు. ఎడమ మడమ బాగా అరిగి ఉంది. వాటి ముందు భాగం తలుపు వైపు ఉంది, విప్పి లోపలికి వెళ్ళినవాళ్ళ చెప్పుల్లా. తడిసి ఉన్నాయి.

వాన ఇంకా మొదలే కాలేదు.

డబ్బాలో ఎక్కడో దొరికితే రిషిత తెచ్చి పెట్టి ఉంటుంది అనుకుంది. పిల్లని అడిగితే కాదంది. పిల్లలు అన్నిటికీ కాదంటారు. మృదుల కర్రపుల్లతో వాటిని మెట్టు కిందకి నెట్టేసి లోపలికి వచ్చింది. చెయ్యి కడుక్కోవాలనిపించి కడుక్కుంది కూడా.

పొద్దు వాలింది. సరస్సు మీద మబ్బు కమ్ముకొచ్చి, వెలుతురు ఒక్కసారిగా తగ్గిపోయింది. హేమచంద్ర తువ్వాలు భుజాన వేసుకుని, టార్చి పట్టుకుని, చెట్ల అవతల ఉన్న స్నానాల గదులకి బయల్దేరాడు. సాయంత్రం వేణ్ణీళ్ళు పోసుకోకపోతే అతనికి అన్నం దిగదు.

అతను వెళ్ళిన కాసేపటికి వాన పట్టుకుంది. రేకు పైకప్పు మీద గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు. ఎవరి చలిమంటో వానకి ఆరిపోయి, చిక్కటి పొగ చెట్ల మధ్యనుంచి పాకి కిటికీలోంచి లోపలికి వచ్చింది. మృదుల పరిగెత్తి కిటికీ మూసింది గానీ అప్పటికే రిషిత దగ్గడం మొదలుపెట్టింది. పఫర్ ఇచ్చింది. తగ్గలేదు. పిల్ల మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు.

"ఏం లేదు బంగారం, ఏం లేదు..." మృదుల ట్రిప్పవకుండా హీటర్ ఆఫ్ చేసి, నెబ్యులైజర్ ప్లగ్గు పెట్టి, మందు పోసి, మాస్కు పిల్ల మొహానికి తగిలించింది. మెషీను గుర్రుమంది. తెల్లటి ఆవిరి లేచింది. ఎన్నోసార్లు చేసిన పనే. చేతులు వాటంతటవే చేశాయి. పిల్ల వీపు రాస్తూ కూర్చుంది.

అప్పుడు ట్రైలర్ ఒరిగింది.

మెల్లగా. మెట్టు వైపుకి. షెల్ఫులో కప్పులు గలగలమన్నాయి.

"చందూ?"

వాన చప్పుడు. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు. సర్... సర్... సర్... తడికాళ్ళు మ్యాట్‌కి తుడుచుకుంటున్న చప్పుడు. తొందరేమీ లేదు. ముందు ఒక కాలు. తర్వాత ఇంకో కాలు. పెద్దింటి ఆడవాళ్ళు గడప తొక్కే ముందు తుడుచుకున్నట్టు.

ఏదో వాసన వచ్చింది. కొబ్బరినూనె. పెనం మీద పడి మాడినట్టున్న కొబ్బరినూనె వాసన, అందులో వెంట్రుకలు కాలిన వాసన. దీపం ఓసారి మసకబారి మళ్ళీ వెలిగింది.

"అమ్మాయ్..."

గుసగుసగా, తలుపుకి ఆనుకుని చెప్పినట్టు. తెలుగులో.

మృదులకి ముందు భయం వేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పక్క సైటులో మనవాళ్ళెవరో ఉన్నారు కాబోలు, వానలో చిక్కుకుపోయిన పెద్దావిడెవరో అనుకుంది. లేచి తలుపు తీసింది. ఎవరూ లేరు. వాన, చెట్లు, చీకటి. కింద మ్యాట్ మీద...

వాళ్ళ మూడు జతలూ ఎవరో మర్యాదగా పక్కకి జరిపారు. మధ్యలో ఆ గోధుమరంగు జత ఉంది. తలుపు వైపు తిరిగి.

ఎవరైనా జారి పడ్డారేమో చూద్దామని మృదుల మెట్టు దిగింది. ఒట్టికాళ్ళతో. కుడిచెయ్యి తలుపు కడ్డీ మీద వేస్తూ ఎడమకాలు తడిగడ్డి మీద పెట్టింది.

దెబ్బ ఎక్కడినుంచి తగిలిందో తెలియలేదు. అరచేతిలోంచి గుండెల్లోకి, గుండెల్లోంచి అరికాల్లోకి ఎవరో ఇనపతాడు వేసి గుంజినట్టు... పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. వేళ్ళు ఇంకా కడ్డీ చుట్టూ పూర్తిగా ముడుచుకోలేదు, అదే ఆమెని బతికించింది. వెనక్కి విసిరేసినట్టు ట్రైలర్ లోపల నేల మీద పడింది.

కళ్ళ ముందు పసుపు చుక్కలు. కుడిచెయ్యి భుజం దాకా చచ్చుబడిపోయింది. నోట్లో ఇనుము రుచి. లేద్దామంటే కాళ్ళు ఆమె మాట వినలేదు.

పడుకునే అర్థం చేసుకుంది. విరిగిన పిన్ను... చక్కిలిగిలి... ఆ జుమ్ మోత... ట్రైలర్ బాడీ అంతా షాక్. ఎక్కడో లోపల లీకవుతున్న కరెంటు భూమిలోకి పోయే దారి లేక, ఈ రేకు అంతా పరుచుకుని కాచుకుని కూర్చుంది. తడినేల మీద ఒట్టికాళ్ళతో నిలబడి ఎవరు ముట్టుకుంటే వాళ్ళే దానికి దారి. అందుకే విప్పొద్దన్నాడు పెద్దాయన. చెప్పులు విప్పొద్దని రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ తను చెవిన పెట్టలేదు.

ఫ్రిజ్ కింద, నేలకి దగ్గరగా, మెయిన్ స్విచ్చి ఉంది. ఆపేయాలి. ఆపేస్తే మెషీను ఆగిపోతుంది.

రిషిత వైపు చూసింది. మాస్కు లోపల పిల్ల పెదాలు ఇంకా పాలిపోయే ఉన్నాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. గిన్నెలో మందు ఇంకా కాస్త మిగిలింది. ఆ కాస్తా లోపలికి వెళ్ళనీ. అప్పుడు ఆపేస్తాను. లోపలున్నంతసేపూ పర్వాలేదు, నేల తగలకపోతే ఏమీ కాదు. దేవుడా, ఆ కాస్త మందూ వెళ్ళనీ...

తలుపు తెరిచే ఉంది. గాలికి ఊగుతోంది.

"చెయ్యి ఇయ్యమ్మా..."

ఈసారి గొంతు మెట్టు దగ్గరే ఉంది. దగ్గరగా. తడిగా.

"చెయ్యి అంటుకుపోయింది తల్లీ... రావట్లేదు... నీ చెయ్యి ఇటియ్యి... ఓసారి పట్టుకో..."

ఆ మాటలు మృదులతో కాదు. తల తిప్పి చూస్తే రిషిత తలుపు వైపే చూస్తోంది. పిల్ల కళ్ళలో భయం లేదు. కింద పడ్డ బొమ్మని చూసినట్టు జాలిగా చూస్తోంది.

"ఆంటీ ఈజ్ స్టక్," అంది మాస్కులోంచి.

"రిషీ, కదలకు. నాన్నా, కదలకు..."

పిల్ల మాస్కు తీసి పక్కన పెట్టింది. మంచం దిగింది. మృదుల ఎడమచేత్తో గౌను అంచు పట్టుకుంది. జారిపోయింది. కుడిచెయ్యి ఎత్తబోతే అది తనది కానట్టు పడి ఉంది. పిల్ల తలుపు దగ్గరికి వెళ్ళింది... ఒక కాలు మెట్టు మీద పెట్టింది... ట్రైలర్ ఒరిగింది. ఒక పిల్ల బరువుకి అంత ఒరగదు. పిల్ల కడ్డీ పట్టుకోబోతోంది.

పిల్ల అందదు. స్విచ్చి అందుతుంది.

మృదుల నేల మీద పాకి, ఎడమ పిడికిలితో దాన్ని గుద్దింది.

దీపం పోయింది. మెషీను ఆగింది. సాయంత్రం నుంచీ పళ్ళలో ఉన్న జుమ్ మోత కూడా పోయింది. వాన ఒక్కటే మిగిలింది. ఆ చీకట్లో మృదుల పిల్ల ఊపిరి కోసం చెవులు రిక్కించింది. ఈల చప్పుడు లేదు. అసలు ఏ చప్పుడూ లేదు. అంత భయం ఆమె బతుకులో ఎప్పుడూ పడలేదు.

మెరుపు మెరిసింది.

రిషిత గడ్డి మీద నిలబడి ఉంది. ఒట్టికాళ్ళతో, వానలో తడుస్తూ. ఒక చెయ్యి తలుపు కడ్డీ మీద ఉంది. ఇంకో చెయ్యి పైకెత్తి ఉంది. ఆ చేతిని ఒక పెద్ద చెయ్యి పట్టుకుని ఉంది. మణికట్టు దాకానే కనిపించింది, అంతలో మళ్ళీ చీకటి.

"చందూ!" మృదులకి ఏడుపు తన్నుకొచ్చింది. "వచ్చావా... పట్టుకో చందూ, వదలకు దాన్ని. గట్టిగా పట్టుకో."

చెట్ల అవతల, చాలా దూరంలో, టార్చి వెలుగు ఊగుతూ కనిపించింది. దాని వెనక హేమచంద్ర ఏదో కూనిరాగం తీస్తూ, చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తున్నాడు.

మృదుల ఎలా లేచిందో, ఎలా దిగిందో ఆమెకే తెలీదు. ఎడమచేత్తో పిల్లని నడుం పట్టి లోపలికి లాక్కుంది. పిల్ల ఎడమచెయ్యి మంచుగడ్డలా ఉంది. వేళ్ళకి కొబ్బరినూనె వాసన. గుండెకి హత్తుకుంటే అప్పుడు వినపడింది ఊపిరి. నిదానంగా, హాయిగా, నిద్రపోతున్న పిల్ల ఊపిరిలా. ఆయాసం ఆనవాలు కూడా లేదు.

"షీ సెడ్ థాంక్యూ," అంది రిషిత.

హేమచంద్ర ముందు నమ్మలేదు. షాక్ కొట్టింది కదా, ఏవేవో కనిపిస్తాయి మృదూ అన్నాడు. ఆ తర్వాత పోస్టు దగ్గరికి వెళ్ళి స్విచ్చి ఆఫ్ చేసి కేబుల్ పీకి, టార్చి వెలుగులో ఆ విరిగిన పిన్ను చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు లేదు. తప్పు నాదే అన్నాడు. ముగ్గురూ కారులో పడుకున్నారు. మృదుల తెల్లారేదాకా పిల్ల డొక్కల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు.

పొద్దున మ్యాట్ మీద మూడు జతలే ఉన్నాయి. మెట్టు కింద ఏమీ లేదు.

లండన్ చేరేసరికి వీరరాఘవులు ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. ట్రైలర్ మీద పడ్డ కొత్త గీతలు చూడలేదు. వంగి మెట్టు చూశాడు. మెట్టు కింద చూశాడు.

"విప్పారామ్మా?" అన్నాడు.

మృదుల తల దించుకుంది. హేమచంద్రకి మాత్రం రాత్రంతా అణుచుకున్న కోపం పైకి వచ్చింది. "ఎర్త్ పిన్ను లేని కేబుల్ డబ్బాలో పెట్టి ఇస్తారాండీ? మా ఆవిడ చచ్చి బతికింది!"

"ఏ కేబులు బాబూ?"

"నల్లది. చీర పీలిక కట్టి ఉంది కదా." హేమచంద్ర డబ్బా తెరిచాడు. చెక్క దిమ్మలున్నాయి, నీళ్ళ పైపు ఉంది. పొద్దున తన చేత్తో చుట్టి పెట్టిన కేబుల్ మాత్రం లేదు. దిమ్మలన్నీ బయటపడేసి మళ్ళీ వెతికాడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "దాన్ని ఆ రోజే పోలీసులు పట్టుకెళ్ళారు బాబూ. మళ్ళీ ఇవ్వలేదు. వాన పడతా ఉంది... చెప్పులు విప్పి, ఆ కడ్డీ పట్టుకుని ఎక్కబోయింది మా కనకదుర్గ."

హేమచంద్ర డబ్బా మూత మెల్లగా మూశాడు. పెద్దాయన మృదుల పక్కకి వచ్చి, కారు వైపు ఓసారి చూసి, మెల్లగా అడిగాడు.

"చెయ్యి అడిగిందామ్మా?"

"...అడిగిందండీ."

"ఎవరూ ఇవ్వలేదు కదా?"

కారు వెనక సీట్లో రిషిత కూర్చుని పైన్ కాయలు ఒళ్ళో పెట్టుకుని ఆడుకుంటోంది. నిజం చెప్తే అది నిజమైపోతుందని భయం వేసింది మృదులకి. "లేదండీ," అంది. "ఎవరూ ఇవ్వలేదు."

ఆయన అరచెయ్యి చాపి ట్రైలర్ రేకు మీద ఆనించాడు. ఎంతోసేపు అలాగే ఉంచాడు.

"రోజూ పొద్దున్నే దాని చెప్పులు ఈ మెట్టు దగ్గరుంటాయి. మీలాంటివాళ్ళు ఎంతమంది తీసుకెళ్ళి తెచ్చినా, దీంతోపాటే తిరిగొచ్చేసేది," అన్నాడు. వంగి మళ్ళీ మెట్టు కింద చూశాడు. "మరి ఇవాళ లేదేంటమ్మా?"

మృదుల గబగబా కారెక్కేసింది. ట్రైలర్ అక్కడే వదిలేసి గ్వెల్ఫ్ దారి పట్టారు. దారిలో ఎండ కాసింది. మొక్కజొన్న చేలు పచ్చగా వెలిగిపోతున్నాయి. ఇల్లు దగ్గరపడే కొద్దీ మృదుల గుండె కాస్త నెమ్మదించింది. పిల్ల బాగుంది. ఊపిరి బాగుంది. అది చాలు, మిగతాది మర్చిపోవచ్చు అనుకుంది.

అపార్ట్‌మెంట్ వరండాలో మధ్యాహ్నం వెలుతురు నిండుగా ఉంది. హేమచంద్ర రెండు చేతులా కుక్కరూ దుప్పట్లూ మోస్తూ ముందు నడిచాడు. సంచులతో మృదుల వెనక నడిచింది. ఇద్దరి మధ్యా రిషిత. తల్లి చెయ్యీ ఖాళీ లేదు, తండ్రి చెయ్యీ ఖాళీ లేదు. అయినా పిల్ల ఎడమచెయ్యి పైకెత్తి, పిడికిలి మూసి, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకున్న పిల్లలు నడిచినట్టు నడుస్తోంది.

తలుపు దగ్గర ఆగింది. బూట్లు విప్పి, మ్యాట్ మీద ఒక మూలకి జరిపి పెట్టింది. పక్కన ఇంకో జతకి చోటు మిగిల్చింది.

మృదుల సంచులు కింద పడేసింది. "చెయ్యి దించు తల్లీ," అంది. "రిషీ... చెయ్యి దించమ్మా."

పిల్ల ప్రయత్నం చేసింది. భుజం కదిలింది గానీ చెయ్యి దిగలేదు. అప్పుడు మొదటిసారి ఆ కళ్ళలోకి భయం వచ్చింది.

"ఐ కాంట్, అమ్మా. ఇట్స్ స్టక్."

మృదుల గబుక్కున పిల్ల రెండో చెయ్యి పట్టుకుంది. ఆ లేత అరచేతిలోంచి తన అరచేతిలోకి, సన్నగా, చక్కిలిగిలి పెట్టినట్టు, ఏదో పాకింది.